పదిహేనో కిలోమీటరు దగ్గర ఒక చెయ్యి

ఆ ఆదివారం ఉదయం ఆరు గంటలకు, పరుగు పోటీ మొదలయ్యే సున్నపు గీత వెనుక మా జట్టు తరఫున నిలబడినవారు నలుగురు. వయసుల వరుసలో ముందు నేను: డెబ్బై ఒక్క ఏళ్ళు, వాతావరణ పరిశీలన కేంద్రంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా వెనుక మా చెల్లెలి భర్త: అరవై ఎనిమిది, ఇనుమూ ఇత్తడీ కోసే లేతు మిషను మేస్త్రి, ఇప్పటికీ తన షెడ్డులో తన చేతులతో పని చేసుకునే మనిషి. ఆయన వెనుక పళ్ళ డాక్టరు, అరవై రెండు. చివర టైలరమ్మ, యాభై నాలుగు. దారిలో ఈ వరుస మారినప్పుడు ఎవరి వెనుక ఎవరున్నారన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాత నా మీద సాక్ష్యం చెప్పినది అదే.

యాభై దాటినవారి పరుగులో మొదటి శత్రువు తొందర. గట్టివాడు ముందు ఉరికితే, వెనుకవాడు వాణ్ణి అందుకోబోయి మోకాలు పాడుచేసుకుంటాడు. అందుచేత మొదటి పది కిలోమీటర్లూ పెద్దవాడు ముందు, చిన్నవారు వెనుక, ఒకే వరుసలో, పెద్దవాడి వేగంతోనే పరుగెత్తాలి. పది దాటాక ఎవరి శక్తి వారిది. ఈ నియమం నేను చేసినదే. మిగిలిన పదకొండు నియమాలూ నేను చేసినవే. వాటిని ఎర్ర గీతల పొడుగాటి పుస్తకంలో మొదటి పుటన రాసి, ఆరేళ్ళుగా ప్రతిరోజూ బయలుదేరిన సమయం, గాలి వేడి, దూరం, పరుగుకు ముందూ వెనుకా ఒక్కొక్కరి నాడి, చివరి గడిలో వ్యాఖ్య, అన్నీ నమోదు చేస్తూ వచ్చాను. కార్యాలయంలో నేర్చుకున్న పద్ధతి ఒకటి అందులోనూ విడవలేదు. తప్పు పడిన అంకెను చెరపకూడదు, దాని మీదే దిద్దకూడదు. తప్పు కనబడేలా ఒకే ఒక గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఆరేళ్ళలో అలాంటి గీతలు రెండే పడ్డాయి. ఆ మాట వచ్చినవారికీ పోయినవారికీ చెప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు ఏడో నియమం సంగతి. మొదట్లో ఎవరికి పిక్క పట్టినా నలుగురూ ఆగేవారు. ఒకరు కాలు నొక్కుతారు, ఒకరు నీళ్ళు పోస్తారు, ఒకరు తమ మేనత్త మోకాళ్ళ కథ ఎత్తుకుంటారు. సాధన అక్కడితో సరి. ఇలా కాదని ఒక గుర్తు పెట్టాను. దారిలో ఆగినవారు ఒక చెయ్యి ఎత్తితే, నాకు ఫర్వాలేదు, మీరు సాగండి అని. రెండు చేతులూ ఎత్తితే, సాయం కావాలి, ఆగండి అని.

"రెండు చేతులూ ఎత్తితే నన్నెవరో పోలీసులు పట్టుకున్నారనుకుంటారు బావా," అన్నాడు మా బావ. వయసులో నాకన్న చిన్నవాడైనా చెల్లెలి పెళ్ళినాటి నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

"అయితే సార్, ఒక చెయ్యి ఎత్తితే చూడకుండా పోవాలా?" అని టైలరమ్మ అడిగింది.

"చూడాలి. ఆగకూడదు."

"చూశాక ఆగకుండా ఎలా ఉంటారు సార్?"

"అలవాటవుతుంది," అన్నాను.

అలవాటయింది.

ఆ పోటీ ఇరవై ఒక్క కిలోమీటర్లది. యాభై దాటినవారి జట్టులో నలుగురుండాలి, నలుగురూ మూడు గంటల లోపల చివరి గీత దాటాలి. ఒక్కరు ఆలస్యమైనా జట్టు పేరే ఉండదు. కిందటేడు టైలరమ్మ నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఈ ఏడు ఆమె బదులు మరొకరిని తీసుకుందామని నేను కాగితం కూడా రాశాను. బావ అది చదివి నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు.

"ఆవిడ లేకపోతే నేనూ లేను. మన నలుగురిలో మనిషిలా మాట్లాడేది ఆవిడొక్కతే. నువ్వేమో గడియారం, డాక్టరేమో నోళ్ళు తెరవమనడమే తప్ప తన నోరు తెరవడు."

"మరి నువ్వు?"

"నేను సరుకు లేని వాగుడుకాయని. ఆవిణ్ణి ఉంచు బావా."

ఉంచాను. ఆ మాట నా గొప్పగా రాయడం లేదు. ఇష్టం లేకుండానే ఉంచాను.

పోటీకి మూడు వారాల ముందు, పదహారు కిలోమీటర్ల సాధన ముగించి అందరం నీళ్ళు తాగుతూ ఉండగా బావ ఎడమచేతిలోని సీసా జారి కింద పడింది. తీసి ఇచ్చాం. మళ్ళీ పడింది. నవ్వి, కుడిచేతిలోకి మార్చుకున్నాడు. నేను చివరి గడిలో 'అజాగ్రత్త' అని రాశాను. టైలరమ్మ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"సార్, మేస్త్రిగారి ఎడమ భుజం దిగింది. చూడండి, చొక్కా అటువైపు జారుతోంది. పదేళ్ళుగా ఆయన చొక్కాలు నేనే కుడుతున్నాను, రెండు భుజాలూ గీత గీసినట్టుంటాయి. ఇవాళ అలా లేవు."

"అలసట. పదహారు కిలోమీటర్లకు ఎవరి భుజమైనా దిగుతుంది."

"అలసిపోతే రెండూ దిగుతాయి సార్."

"కొలతలు మీ మిషను దగ్గర చూసుకుందురు గాని," అన్నాను. పళ్ళ డాక్టరు విని నవ్వాడు. అరగంటకల్లా భుజం మామూలుగానే ఉంది. మర్నాడు బావ లేతు మీద ఇత్తడి బుష్షులు కోస్తూ ఈల వేస్తూ కనిపించాడు. నేను ఆ మాట ఇంట్లో చెప్పలేదు, ఏ వైద్యుడి దగ్గరికీ తీసుకుపోలేదు. నాడి అంకె బాగుంది. నాకు అదే చాలింది.

పోటీ ముందటి సాయంత్రం మా చెల్లెలు తన భర్త బనియనుకు నంబరు కాగితం పిన్నులతో గుచ్చుతూ అంది: "అన్నయ్యా, ఈయన సంగతి నీకు తెలుసుగా. ఎంత నొప్పి వచ్చినా నవ్వేసి ఊరుకుంటారు. నువ్వు ఒక కన్నేసి ఉంచు."

"పది దాటాక నా ముందే పరుగెత్తుతాడమ్మా. కనబడుతూనే ఉంటాడు," అన్నాను.

"విన్నావా? నీ అన్నయ్య కంటికి ఆనకుండా తుమ్మడానికి కూడా లేదు నాకు," అన్నాడు బావ.

మొదటి పది కిలోమీటర్లూ వరుసలో పోయాం. ఏడు గంటల పద్దెనిమిది నిమిషాలకు పదో గుర్తు దాటాం, అనుకున్న దానికి అర నిమిషం తేడా లేదు. అక్కడి నుంచి వరుస విడిపోయింది. పళ్ళ డాక్టరు ముందుకు పోయి కనుమరుగయ్యాడు. ఆయన వెనుక బావ, బావ వెనుక నేను, నా వెనుక ఎక్కడో టైలరమ్మ. పద్నాలుగో కిలోమీటరు నీళ్ళ బల్ల దగ్గర బావను అందుకున్నాను. ఏడు యాభై. ఎడమచేత్తో గ్లాసు అందుకుని తాగి, గిరాటేసి, "ఏం బావా, గడియారం ఇంకా తిరుగుతోందా, కీ ఇవ్వాలా?" అన్నాడు. మాట స్పష్టంగా ఉంది. అడుగు తేలికగా ఉంది. నన్ను వదిలి ముందుకు పోయాడు.

తరువాతి కిలోమీటరు ఒక బజారు గుండా సాగుతుంది. ఆదివారం కనుక దుకాణాల ఇనుప తలుపులన్నీ దించి ఉన్నాయి. పదిహేనో గుర్తుకు కొంచెం ఇవతల, మేకులూ గొలుసులూ అమ్మే దుకాణం మెట్టు మీద బావ కూర్చుని ఉన్నాడు. నేను ఇరవై గజాల దూరంలో ఉండగా కుడిచెయ్యి ఎత్తాడు. ఒక చెయ్యి.

చూశాను. మూతి ఒక పక్కకు ఉంది, నన్ను చూసి వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఎడమచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది, ఎవరో మరచిపోయి వదిలిపెట్టిన వస్తువులా. అదీ చూశాను. ముప్ఫై నాలుగేళ్ళు పరికరాలు చూసి అంకెలు రాసుకున్న కళ్ళు ఏదీ వదలవు. చేతి గడియారం చూసుకున్నాను: ఏడు యాభై ఎనిమిది. నేను కూడా ఒక చెయ్యి ఎత్తి, అతణ్ణి దాటి పోయాను. ఆగితే మూడు నాలుగు నిమిషాలు పోతాయని, పిక్క సర్దుకోగానే వాడే లేచి వస్తాడని, జట్టు నిలవాలంటే కనీసం నేనైనా నిలకడగా పోవాలని లెక్క వేసుకున్నాను. పదిహేడో గుర్తు దగ్గర ఒకసారి వెనక్కు తిరిగి చూశాను. వాడు లేడు. వస్తాడులే అనుకున్నాను.

రెండు గంటల నలభై ఆరు నిమిషాలకు చివరి గీత దాటాను. డెబ్బై దాటినవారిలో నాదే మొదటి స్థానమని మైకులో చెప్పి, మెడలో పతకం వేశారు.

తొమ్మిది గంటల దాకా పళ్ళ డాక్టరూ నేనూ గీత పక్కన నిలబడి ఉన్నాం. బావా రాలేదు, టైలరమ్మా రాలేదు. తొమ్మిది కొట్టగానే నేను అన్న మాట ఇక్కడ రాయక తప్పదు. "ఆవిడ మళ్ళీ ముంచింది," అన్నాను. తరువాత ధ్రువపత్రం కోసం వరుసలో నిలబడ్డాను. మా ఫోనులు సామాన్ల గదిలోని సంచుల్లో ఉన్నాయి. పళ్ళ డాక్టరు తన సంచి తెచ్చుకుని తెరిచేసరికి తొమ్మిదిన్నర దాటింది. తెలియని నంబరు నుంచి పదకొండు పిలుపులు ఉన్నాయి.

జరిగినది ఇది. ఎనిమిది గంటల ఆరు నిమిషాలకు టైలరమ్మ ఆ మెట్టు దగ్గరికి వచ్చింది. ఆమె జీవితంలో అంత బాగా ఎన్నడూ పరుగెత్తలేదు. పదిహేను కిలోమీటర్ల ఆ సగటు నిలిపి ఉంటే మూడు నిమిషాలు మిగిలేవి. బావ అప్పటికి ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ఒరిగి కూడా కుడిచెయ్యి ఎత్తుతూనే ఉన్నాడట. ఆమె ఆగింది.

తరువాత ఒకనాడు నేను అడిగాను, ఒక చెయ్యే కదా ఎత్తాడు, ఎందుకు ఆగారని.

"ఒకటే ఎత్తారు సార్. రెండోది ఎందుకు ఎత్తలేదా అని చూశాను," అంది.

పోటీ కోసం దారులు మూసివేశారు. ఉన్న ఒక్క అంబులెన్సూ మరెవరో స్పృహ తప్పితే వారిని తీసుకుపోయింది. ఆమె బాటసారి ఫోను అడిగి తీసుకుని, నీళ్ళ డబ్బాల వ్యాను ఆపి, బావను డబ్బాల మధ్య పడుకోబెట్టి దగ్గరలోని చిన్న ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ స్కానింగు లేదు. సెలైను పెట్టి గంటకు పైగా కూర్చోబెట్టి, అప్పుడు పెద్ద ఆసుపత్రికి పొమ్మన్నారు. ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి, మూసిన దారులు తప్పించుకుంటూ. మేము పెద్ద ఆసుపత్రి చేరేసరికి పదకొండు. మా చెల్లెలు చెప్పులు కూడా లేకుండా వచ్చి, నడవలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నా మెడలో ఆ పతకం ఇంకా వేలాడుతూనే ఉంది. ఆమె దాన్ని చూసింది. తీసి జేబులో వేసుకున్నాను.

పదకొండు నలభైకి నరాల డాక్టరు స్కానింగు కాగితాలతో బయటికి వచ్చింది. చిన్న వయసు, అలసిన ముఖం.

"మెదడులో రక్తం గడ్డ అడ్డుపడింది. కరిగించడానికి ఇంజెక్షను ఉంది. కానీ మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి, ఆ తరువాత ఇస్తే ప్రాణానికే ముప్పు. ఎప్పుడు మొదలైందో చూసినవాళ్ళు లేరు కాబట్టి, బాగా ఉండగా చివరిసారి ఎవరు చూశారో ఆ సమయం నుంచి లెక్కపెట్టాలి. మీలో ఆఖరున చూసిందెవరు?"

పళ్ళ డాక్టరు చెప్పాడు: "పదో కిలోమీటరు దాకా కలిసే ఉన్నామండీ. ఏడూ పద్దెనిమిది."

ఆమె గోడ గడియారం చూసింది. "అంటే పదకొండు నలభై ఎనిమిదికి అయిపోతుంది. రక్తపోటు చూసి, మందు కలిపేసరికే ఆ టైం దాటిపోతుంది. ఇంకెవరూ చూడలేదా?"

నాకు తెలుసు. ఏడు యాభైకి గ్లాసు పట్టుకున్న ఎడమచెయ్యి నాకు తెలుసు. ఆ ఒక్క అంకె చెబితే ఇంకా ముప్ఫై రెండు నిమిషాలు చేతికి వస్తాయని కూడా తెలుసు, అంత కూడిక నాకు ఊపిరి తీసినంత తేలిక. కానీ ఏడు యాభై చెబితే, తరువాత ఏమయిందని అడుగుతారు. అప్పుడు ఏడు యాభై ఎనిమిది చెప్పాలి. నా చెల్లెలు నిలబడి ఉంది.

"సరిగ్గా గుర్తు లేదు," అన్నాను.

ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరూ నా నోట వినని మాట అది.

డాక్టరు లోపలికి తిరిగింది. చెల్లెలు నేల చూస్తోంది. గడియారం ముల్లు కదలడం వినిపిస్తోంది. బల్ల చివర టైలరమ్మ కూర్చుని ఉంది, బనియను మీద బావ వాంతి మరక ఎండిపోయి ఉంది. ఆమె వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటోంది. కొంతసేపటికి తల ఎత్తింది. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధ.

"సార్, పళ్ళ డాక్టరుగారు అందరికన్నా ముందు. ఆయన వెనుక మేస్త్రిగారు. ఆయన వెనుక మీరు. ఆఖర్న నేను. నేను వచ్చేసరికి మేస్త్రిగారు మెట్టు మీద ఉన్నారు, మీరు లేరు. అంటే మీరు ఆయన్ని దాటాలి కదా. ఎప్పుడు దాటారు సార్?"

చెల్లెలు నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"ఏడు యాభైకి నీళ్ళ బల్ల దగ్గర మాట్లాడాడు," అన్నాను. "ఎడమచేత్తో గ్లాసు పట్టుకున్నాడు. బాగున్నాడు. ఏడు యాభై ఎనిమిదికి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఎత్తాడు. నేను ఆగలేదు."

టైలరమ్మ అప్పటికే లేచి తలుపు తోసి లోపలికి పరుగెత్తింది. "ఏడూ యాభై డాక్టరుగారూ! ఏడూ యాభైకి బాగున్నారు, చూసినవాళ్ళు ఉన్నారు!"

గోడ గడియారంలో పదకొండు నలభై ఆరు. నేను నోరు మూసుకుని కూర్చున్నది ఆరు నిమిషాలు. మెట్టు దగ్గర ఆగకపోవడం వల్ల పోయినవి ఎనిమిది. పన్నెండు గంటల రెండు నిమిషాలకు ఇంజెక్షను ఇచ్చారు.

బావ బతికాడు. మూతి వారంలో సర్దుకుంది. కాలు మూడు నెలలకు చేతికర్ర దాకా వచ్చింది. ఎడమచెయ్యి రాలేదు. కొంచెం ముందు ఇచ్చి ఉంటే వచ్చేదా అని నేను డాక్టరును అడిగాను. చెప్పలేమండీ అంది. లేదు అని మాత్రం అనలేదు. లేతుకు రెండు చేతులు కావాలి, ఒక చక్రం ఈ చేతికి, ఒక చక్రం ఆ చేతికి. షెడ్డుకు తాళం పడింది. అయినా పొద్దున్నే వాడు పోయి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు.

నాలుగో నెలలో ఒకనాడు ధైర్యం చేసి పోయాను. తలుపు తీసిన చెల్లెలు, "కూర్చోండి, కాఫీ తెస్తాను," అంది. అరవై ఏళ్ళుగా నన్ను నువ్వు అన్న పిల్ల. ఆ ఒక్క మాటతో నేను ఆ ఇంటికి వచ్చిపోయే పెద్దమనిషినయ్యాను. అన్నయ్యా అనే పిలుపు అప్పటి నుంచి వినలేదు.

బావ షెడ్డు ముందు కుర్చీలోనే ఉన్నాడు. మాట కొంచెం ముద్దగా, "నన్ను చూశావు కదా బావా?" అన్నాడు.

"చూశాను."

"నేనూ చూశాను. నువ్వు గడియారం చూసుకున్నావు." నా మణికట్టు వైపు చూసి, "మంచి టైమేనా?" అన్నాడు.

"రెండు నలభై ఆరు."

"బాగుంది," అని, కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, షెడ్డు తలుపు వైపు తిరిగాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి పుస్తకం తీశాను. 'అజాగ్రత్త' అన్న మాట మీద ఒకే గీత గీసి, పక్కన 'ఎడమచేతి పట్టు తప్పింది, టైలరమ్మగారు హెచ్చరించారు, నేను వినలేదు' అని రాసి సంతకం పెట్టాను. ఏడో నియమం మీద ఒక గీత గీసి సంతకం పెట్టాను. తప్పు చదవడానికి వీలుగానే ఉంది. ఉండాలి.

పుస్తకంలో ఒక పుట మిగిలింది. దాని మీద రాసినది ఇది. ఆ ఆదివారం మా జట్టులో నాలుగో స్థానంలో పరుగెత్తిన టైలరమ్మగారు, గడువులోపల గీత దాటగల స్థితిలో ఉండి, నియమానికి విరుద్ధంగా, ఎనిమిది గంటల ఆరు నిమిషాలకు, పదిహేనో గుర్తుకు ఇవతల ఆగారు. అదే రోజు పదకొండు నలభై ఆరుకు, ఈ జట్టు పెద్ద దాచిన సమయాన్ని ఒక ప్రశ్నతో బయటికి తెచ్చారు. మేస్త్రిగారు నేడు ప్రాణాలతో ఉన్నది ఆమె చేసిన ఈ రెండు పనుల వల్లనే. ఈ సంగతిని, అందులో నా వంతు ఏమీ లేదన్న సంగతితో సహా, జట్టు తరఫున కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేసి సంతకం చేస్తున్నాను.